సున్నంలో పూసిన పూలు – పైగా సమాధులు

ప్రక్రియ : వ్యాసం

ఉద్దేశం : చారిత్రక కట్టడాన్ని కేవలం వినోదస్థలంగా కాక, ఒక కాలపు చరిత్రకు, పనితనానికి, శ్రమకు సాక్ష్యంగా చూసే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

నేపథ్యం : తెలంగాణలో అసఫ్‌జాహీల పాలనాకాలం నాటి కట్టడాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చార్మినారుకు సమీపంలోనే ఉన్నా ఎక్కువమంది చూడనివి పైగా సమాధులు. వాటి సందర్శన ద్వారా తెలుసుకోదగిన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

హైదరాబాదు అనగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది చార్మినారు. 1591లో వెలసిన ఆ కట్టడం చుట్టూ నాలుగు శతాబ్దాలకు పైగా జనసందోహం తగ్గలేదు. లాడ్‌బజారులో లక్కగాజుల మెరుపులు, అత్తరు దుకాణాల పరిమళాలు, ఇరానీ చాయ్ హోటళ్ల ముందు గుంపులు, ఆటోల హారన్లు అన్నీ కలిసి పాతనగరానికి ఒక ప్రత్యేకమైన జీవనాదాన్ని ఇచ్చాయి. ఆ సందడిలోనే ఆగ్నేయ దిశగా సుమారు నాలుగు కిలోమీటర్లు సాగితే సంతోష్‌నగర్ ప్రాంతంలోని ఫిసల్‌బండ వస్తుంది. ఉర్దూలో ‘ఫిసల్’ అంటే జారుడు, తెలుగులో ‘బండ’ అంటే రాయి. ఆ పేరు వింటుంటేనే నగరంలోని రెండు భాషలూ కలిసి వినిపిస్తాయి. అక్కడ ఇళ్లు, దుకాణాలు, ఆసుపత్రి, బడికి వెళ్లే పిల్లలు, వారి మధ్య నుండి దారి చేసుకుంటూ పోయే వాహనాలు కనిపిస్తాయి. పెద్ద రహదారి నుండి ఒక ఇరుకు సందులోకి మళ్లి కొద్ది దూరం నడిస్తే పైగా సమాధుల ఆవరణ ఎదురవుతుంది. ద్వారం దాటగానే వీధిలోని చప్పుడు వెనుకబడుతుంది. తెల్లని కమానులు, వాటి మధ్య అల్లికపనిలా కనిపించే జాలకాలు, వాటి గుండా నేలపై పరచుకున్న వెలుగునీడలు సందర్శకుణ్ణి ఒక్కసారిగా నిలబెట్టివేస్తాయి.

ఈ పేరులోని ‘పైగా’ అనే మాట తెలుగు విద్యార్థికి కొంత వింతగా తోచవచ్చు. ‘అంతేకాక’ అనే అర్థంలో మనం వాడే ‘పైగా’కు దీనితో సంబంధం లేదు. ఇది పారసీక పదం. ‘పాయ్’ అంటే పాదం, ‘గాహ్’ అంటే స్థానం. ఈ రెండూ కలిసి హోదా, స్థానం అనే అర్థాన్ని ఇస్తాయి. ‘దర్గా’, ‘ఈద్గా’ అని మనం నిత్యం వినే మాటలలోనూ ఆ ‘గాహ్’ ఉన్నది. సమాధి భవనాన్ని ‘మక్బరా’ అంటారు. అరబ్బీలో ‘ఖబర్’ అంటే సమాధి. అది ఉన్న చోటు మక్బరా. ఈ ఆవరణకు ‘మక్బరా షంసుల్ ఉమ్రా’ అన్న పేరు కూడా ఉన్నది. ‘షంస్’ అంటే సూర్యుడు, ‘ఉమరా’ అంటే ప్రభువర్గీయులు. ‘షంసుల్ ఉమ్రా’ అంటే ప్రభువర్గంలో సూర్యుని వంటివాడు అని అర్థం. రెండవ నిజాం కాలంలో ఈ వంశానికి లభించిన బిరుదు అది.

నిజాం రాజ్యంలో పాలకుని తరువాత అత్యంత ఉన్నతస్థానం పైగా వంశీయులది. నిజాముకు అండగా సైన్యాన్ని పోషించడం వారి బాధ్యత. అందుకు ప్రతిఫలంగా వారికి విశాలమైన జాగీర్లు లభించాయి. నిజాముల కుమార్తెలను వివాహమాడి వారు పాలక కుటుంబంతో బంధుత్వాన్ని కూడా నెలకొల్పుకున్నారు. అయితే వారి చరిత్ర కత్తికీ, కలిమికీ మాత్రమే పరిమితం కాలేదు. రెండవ షంసుల్ ఉమ్రాగా ప్రసిద్ధుడైన ఫక్రుద్దీన్ ఖాన్ శాస్త్రవిజ్ఞానం మీద అపారమైన ఆసక్తి గలవాడు. 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే ఆయన ఒక పాఠశాలను స్థాపించి, ముద్రణాలయాన్ని నెలకొల్పి, యంత్రశాస్త్రం, ఖగోళం, కాంతి, గాలి, నీరు మొదలైన విషయాలపై పాశ్చాత్య గ్రంథాలలోని విజ్ఞానాన్ని ఉర్దూలోకి తెప్పించాడు. ‘సిత్తా-ఎ-షంసియా’ పేరుతో వెలువడిన ఆరు శాస్త్రగ్రంథాల సంపుటి ఆ కృషి ఫలితమే. ఇంగ్లీషు చదువు సామాన్యులకు అందని రోజులలో దేశభాషలో విజ్ఞానశాస్త్రాన్ని చెప్పడానికి పూనుకోవడం చిన్న విషయం కాదు.

ఆయన తరువాతి తరాలలో ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా అనే ముగ్గురు ప్రముఖులయ్యారు. పైగా వంశం మూడు శాఖలుగా విస్తరించింది వారి పేర్లతోనే. వారిలో ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా 19వ శతాబ్ది చివరి దశకాలలో ఒకరి తరువాత ఒకరు హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రులయ్యారు. కొండమీద నిలిచి నగరాన్ని చూసే ఫలక్‌నుమా సౌధాన్ని 1884లో ప్రారంభించి నిర్మింపజేసినవాడు వికారుల్ ఉమ్రాయే. వికారాబాదు పట్టణానికి ఆ పేరు వచ్చింది ఆయన వల్లనే. మేడల మీద మేడలు కట్టించిన ఆ ప్రభువులు చివరకు విశ్రమించింది ఫిసల్‌బండలోని ఈ ఆవరణలోనే.

ఇక్కడి తొలి నిర్మాణం 1787లో నవాబు తేగ్ జంగ్ బహదూర్ పేరుతో ముడిపడి ఉన్నది. ఆయన కుమారుడు ఫక్రుద్దీన్ ఖాన్ దానిని విస్తరించి అలంకరింపజేశాడు. తరువాతి తరాలవారు తమ తమ సమాధి మంటపాలను చేర్చుతూ వచ్చారు. కనుక ఇది ఒక్కనాడు ఒక్కరి సంకల్పంతో లేచిన కట్టడం కాదు. ఒక వంశం తరతరాలుగా రాసుకున్న పుస్తకం వంటిది. మొగలు, పారసీక, దక్కనీ, రాజపుత్ర శైలులు ఇందులో కలిసిపోయాయి. గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధులను చూసినవారికి ఇక్కడి భేదం వెంటనే తెలుస్తుంది. అక్కడ ఎత్తైన గుమ్మటాలు దూరం నుండే రాచరికాన్ని చాటుతాయి. ఇక్కడ కంటిని ఆకట్టుకునేది ఎత్తు కాదు, అల్లిక. దగ్గరకు వెళ్లి చూసినవారికే ఈ కట్టడం తనను తాను చూపుకుంటుంది.

మొదటి చూపులో ఇక్కడ ఉన్నదంతా పాలరాయే అనిపిస్తుంది. సమాధులపై పరచిన పలకలు, వాటి చుట్టూ నిలిపిన చెక్కడపు తెరలు నిజంగా పాలరాతివే. కాని వాటిని ఆవరించిన గోడలు, కమానులు, వాటిపై విరిసిన పూలు, పండ్లు, పూలకుండీలు, లతలు రాతివి కావు. అవి సున్నంతో చేసినవి. పాలరాయి అరుదుగా దొరికే దక్కను భూమిలో ఈ పద్ధతికి ఒక పూర్వరంగం కూడా ఉన్నది. 17వ శతాబ్దిలో నాటి ఔరంగాబాదులో, అంటే నేటి ఛత్రపతి శంభాజీనగరంలో, నిర్మించిన ‘బీబీ కా మక్బరా’లో గోడల కింది భాగానికీ, గుమ్మటానికీ పాలరాతిని వాడి, మిగిలిన చాలా భాగాన్ని నునుపైన సున్నపు పూతతో తీర్చారు. పైగా సమాధుల నిర్మాతలు ఆ పరిమితినే తమ ప్రత్యేకతగా మలచుకున్నారు. రాతిని చెక్కడానికి ఉలి కావాలి. సున్నాన్ని మలచడానికి తాపీ, వేళ్లు, అంతకుమించి ఓర్పు కావాలి.

ఆ సున్నం నేటి తరానికి అంతగా తెలియదు. పల్లెలలో పాత గడీలు, గుడి ప్రాకారాలు, దిగుడుబావులు చూసినవారు ‘డంగుసున్నం’, ‘గచ్చు’ అనే మాటలను పెద్దల నోట విని ఉంటారు. సున్నపురాతిని బట్టీలో కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు వెలువడిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దానిపై నీరు పోస్తే అది బుసబుస పొంగి, వేడెక్కి, మెత్తని సున్నంగా మారుతుంది. దానికి ఇసుక చేర్చి, గానుగలో రాతిచక్రం కింద బాగా నూరుతారు. బెల్లపు నీరు, మారేడుపండు గుజ్జు, కరక్కాయ నానబెట్టిన నీరు వంటివి కలపడం మన దేశంలో పూర్వం నుండి ఉన్న ఆచారం. పూత పూసిన తరువాత ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి పీల్చుకొని గట్టిపడుతుంది. అంటే రాయిని కాల్చి సున్నం చేస్తే, ఆ సున్నం కాలక్రమంలో మళ్లీ రాయి అవుతుంది. రాయికీ రాయికీ మధ్య, అది మెత్తగా ఉన్న కొద్దికాలమే మనిషి చేతికి అవకాశం. ఆ కొద్దికాలంలోనే ఇక్కడి పనివారు పూలు పూయించారు.

జాలకాల పని ఇక్కడి మరొక విశేషం. నేడు ‘జాలీ’ అని వ్యవహరించే ఈ మాట వల అనే అర్థం గల ‘జాల’ శబ్దం నుండి వచ్చింది. చిల్లులు గల గవాక్షాన్ని మన ప్రాచీన కావ్యభాషలోనూ ‘జాలకము’ అన్నారు. నక్షత్రాలు, షట్కోణాలు, అష్టకోణాలు, వాటిని చుట్టి సాగే లతలు ఎన్నెన్నో నమూనాలలో ఇక్కడి జాలకాలను నింపాయి. ఒక జాలకం ముందు నిలబడి దాని గీతలను చూపుతో అనుసరిస్తే, ఒక చిన్న ఆకారమే పదేపదే తిరిగి వస్తూ పెద్ద నమూనా అవుతున్న తీరు తెలుస్తుంది. గణితశాస్త్ర విద్యార్థికి ఇది గోడమీద రాసిన రేఖాగణిత పాఠం. మతాచారాన్ని అనుసరించి మనుష్యరూపాలను చిత్రించకపోవడం వల్ల కళాకారుల ఊహ అంతా పూలవైపు, కోణాలవైపు ప్రవహించింది. ఈ జాలకాలు అందం కోసం మాత్రమే ఏర్పడినవి కావు. దక్కను ఎండలో గాలిని రానిచ్చి, వెలుతురు తీక్షణతను తగ్గించడం వాటి పని. ప్రొద్దు పొడిచింది మొదలు క్రుంకే వరకు సూర్యకిరణాలు మారిన కొద్దీ నేలమీది నీడల ముగ్గులు మారుతూ ఉంటాయి.

మంటపాల లోపల సమాధులు వరుసగా ఉన్నాయి. వాటిలో పురుషులవే కాక నిజాం కుటుంబం నుండి ఈ వంశానికి కోడళ్లుగా వచ్చిన బేగములవి కూడా ఉన్నాయి. అధికార పదవులలో స్త్రీలకు చోటులేని కాలంలో సమాధి అలంకారంలో మాత్రం వారికి లోటు చేయకపోవడం గమనించదగినది. ఆవరణలో మసీదు కూడా ఉన్నది. కనుక ఇది చూపరుల కోసం మాత్రమే ఏర్పడిన స్థలం కాదు. ప్రార్థనకు, స్మరణకు ఉద్దేశించిన చోటు అన్న గౌరవంతో ఇక్కడ మెలగాలి.

ఈ సౌందర్యాన్ని చూస్తున్నప్పుడు ఒక ప్రశ్న తప్పక కలగాలి. దీనికి వెల చెల్లించినవారు ఎవరు? జాగీర్ల ఆదాయం ఆకాశం నుండి రాలేదు. అది పల్లెలలో దుక్కి దున్నినవారు చెల్లించిన భూమిశిస్తు. గానుగ తిప్పినవారు, బట్టీ కాల్చినవారు, తాపీ పట్టినవారు, ఉలి పట్టినవారు ఎందరో ఈ నిర్మాణంలో ఉన్నారు. ప్రభువుల పేర్లు శిలాక్షరాలై నిలిచాయి. పనివారి పేర్లు చరిత్రకు అందలేదు. అయినా వారి సంతకం ఇక్కడ లేకపోలేదు. ప్రతి పూరేకు అంచులో, ప్రతి జాలకపు మలుపులో వారి వేళ్ల ఒత్తిడి నిలిచి ఉన్నది. ప్రభువు కీర్తి కోసం మొదలైన పని చివరకు పనివాని కీర్తిగా మిగలడం చరిత్ర చేసిన న్యాయం అనుకోవచ్చు. కాబట్టి ఈ కట్టడం ఒక వంశానిది మాత్రమే కాదు. దానిని తమ శ్రమతో, తమ శిస్తుతో నిలబెట్టిన ప్రజలందరిదీ.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైంది. 1949లో జాగీర్దారీ విధానం రద్దయింది. రైతుకు అది విముక్తి. అయితే జాగీర్ల రాబడిపై ఆధారపడిన పాత పోషణ వ్యవస్థ కూడా దానితోనే ముగిసింది. నగరం పెరిగింది. ఒకప్పుడు ఊరి వెలుపల ఉన్న ఆవరణ చుట్టూ ఇళ్లు కిక్కిరిశాయి. వానలు, తేమ, గోడలలో వేళ్లూనిన మొక్కలు, మనుషుల నిర్లక్ష్యం కలిసి సున్నపు పనిని దెబ్బతీశాయి. ఇటువంటి పాత కట్టడాలకు మంచి ఉద్దేశంతో చేసే మరమ్మతు సైతం ఒక్కొక్కప్పుడు హాని చేస్తుంది. పగిలిన సున్నపు గోడకు సిమెంటు పూస్తే తాత్కాలికంగా అది గట్టిగా కనిపిస్తుంది. కాని సున్నం తేమను పీల్చి వదలగలదు. సిమెంటు ఆ దారిని మూసివేస్తుంది. లోపల చిక్కుకున్న తేమ, లవణాలు పాత పూతను పొరలు పొరలుగా ఊడగొడతాయి. కట్టడపు స్వభావం తెలియని మరమ్మతు రోగం తెలియని వైద్యం వంటిది.

ఇటీవలి కాలంలో ఈ స్థితి కొంత మారింది. తెలంగాణ వారసత్వ శాఖ సంరక్షణలోని ఈ సమాధులలో ఆరింటి జీర్ణోద్ధరణకు 2023లో అమెరికా రాయబారుల సాంస్కృతిక పరిరక్షణ నిధి నుండి రెండున్నర లక్షల డాలర్ల సహాయం లభించింది. ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ ఆ పనిని చేపట్టి 2024లో పూర్తిచేసింది. ఎక్కడో ఉన్న దేశం ఫిసల్‌బండ సందులోని కట్టడానికి చేయూతనిచ్చిందంటే, దాని విలువ ప్రపంచానికి తెలిసిందని అర్థం. అయితే ధనం ఒక్కటే కట్టడాన్ని కాపాడలేదు. సున్నం నూరడం తెలిసిన చేతులు కావాలి. ఆ విద్యను నేర్చుకునే యువకులు కావాలి. జాలకం మీద పేరు చెక్కకుండా తనను తాను నిగ్రహించుకోగల సందర్శకుడు కావాలి. గోడ పక్కనే నివసించే కుటుంబం అది తమదని భావించాలి. నిధులు ఒకసారి వస్తాయి. కాపలా మాత్రం ప్రతిదినం ఉండాలి.

కట్టడాన్ని చూడడం కూడా ఒక విద్య. ముందు దూరం నుండి మొత్తం ఆకృతిని చూడాలి. తరువాత దగ్గరకు వెళ్లి ఒక్క జాలకాన్ని, ఒక్క పూవును నిదానంగా పరిశీలించాలి. అది దేనితో చేసినదో, ఎలా చేశారో, ఎందుకు అక్కడ పెట్టారో అడగాలి. చేతితో తాకి అరగదీయకుండా కంటితో తాకాలి. ఈ అలవాటు పట్టుబడిన విద్యార్థికి హైదరాబాదు దూరం కాదు. తన ఊరి శిథిలమైన కోటగోడలోనూ, పాడుబడిన దిగుడుబావిలోనూ అదే సున్నం, అదే పనితనం కనిపిస్తాయి. మరణించినవారి కోసం కట్టిన ఇల్లు బ్రతికి ఉన్నవారి చేతులలోనే బ్రతుకుతుంది. ఫిసల్‌బండ సందులో రెండు శతాబ్దాలకు పైగా విరిసి ఉన్న సున్నపు పూలు వాడిపోకుండా చూడవలసిన బాధ్యత నేటి తరానిది.

కఠిన పదాలు – అర్థాలు

ఆగ్నేయం : తూర్పు, దక్షిణాల మధ్య దిక్కు
జాలకం : చిల్లులు గల కిటికీ, అల్లిక వంటి తెర
గవాక్షం : కిటికీ
గచ్చు : సున్నపు పూత, సున్నంతో చేసిన నేల
జాగీరు : సేవకు ప్రతిఫలంగా పాలకుడు ఇచ్చిన భూభాగం
గడీ : దొరల కోట వంటి ఇల్లు
భూమిశిస్తు : భూమిపై చెల్లించే పన్ను
తీక్షణత : తీవ్రత
జీర్ణోద్ధరణ : శిథిలమైన దానిని బాగుచేయడం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పైగా సమాధుల నిర్మాణ విశేషాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. “కట్టడాన్ని చూడడం కూడా ఒక విద్య” – ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ‘పైగా’, ‘షంసుల్ ఉమ్రా’ అనే మాటల అర్థాలను వివరించండి.
2. ఫక్రుద్దీన్ ఖాన్ విజ్ఞానసేవను తెలపండి.
3. సున్నపు గోడకు సిమెంటు పూయడం ఎందుకు హానికరం?
4. జాలకాల వల్ల కలిగే ప్రయోజనాలేవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పైగా సమాధులు ఏ ప్రాంతంలో ఉన్నాయి?
2. తొలి నిర్మాణం ఏ సంవత్సరంతో ముడిపడి ఉన్నది?
3. ఫలక్‌నుమా సౌధాన్ని నిర్మింపజేసినవాడు ఎవరు?
4. జాగీర్దారీ విధానం ఎప్పుడు రద్దయింది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “ఇక్కడ కంటిని ఆకట్టుకునేది ఎత్తు కాదు, అల్లిక.”
2. “దీనికి వెల చెల్లించినవారు ఎవరు?”
3. “నిధులు ఒకసారి వస్తాయి. కాపలా మాత్రం ప్రతిదినం ఉండాలి.”

V. భాషాంశాలు
1. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి : జీర్ణోద్ధరణ, శిలాక్షరాలు, అత్యంత, మొదలైన.
2. కింది సమాసాలకు విగ్రహవాక్యం రాసి సమాసనామం తెలపండి : వెలుగునీడలు, పాలరాయి, సూర్యకిరణాలు, నాలుగు శతాబ్దాలు.

VI. ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక ప్రాచీన కట్టడాన్ని (జగిత్యాల కోట, ఎల్గందుల కోట, మీ ఊరి గుడి, గడీ లేదా దిగుడుబావి) సందర్శించండి. అది ఏ పదార్థాలతో కట్టినదో పరిశీలించండి. దాని స్థితిని, దానిని గురించి ఊరి పెద్దలు చెప్పిన విషయాలను రెండు పుటలకు మించకుండా రాయండి.